మీ బండి ప్రశ్నలు: ఘాట్ ఎక్కని శాంట్రో, ట్యాంకు అడుగున మడ్డి

ప్రశ్న: నమస్కారం అండి. మాది ప్రొద్దుటూరు. 2008 మోడల్ శాంట్రో జింగ్, పెట్రోల్ బండి, నాన్నగారు కొన్నది, ఇప్పుడు నేను నడుపుతున్నా. ఊళ్ళో తిరిగినంతసేపు ఏ ప్రాబ్లమూ లేదు. మొన్న తిరుమల వెళ్తుంటే అలిపిరి దాటి ఘాట్ ఎక్కడం మొదలెట్టాక పికప్ పడిపోయింది, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ జర్కులు, చివరికి ఆగిపోయింది. పావుగంట పక్కన పెట్టి సెల్ఫ్ కొడితే ఏమీ జరగనట్టే స్టార్ట్ అయ్యింది, కొంత దూరం పోయాక మళ్ళీ అదే. వెనక సీట్లో కూర్చున్న అమ్మ కింద నుంచి కుయ్యిమని సౌండ్ వస్తోంది అంది. ఇక్కడ మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, తగ్గలేదు. ఇప్పుడు ఫ్యూయల్ పంప్ అసెంబ్లీ మొత్తం మార్చాలంటున్నాడు. ఇంకో ఆయన ఫిల్టర్ మారిస్తే చాలంటున్నాడు. వెనక సీటు ఎత్తి చూస్తే స్క్రూలతో బిగించిన మూత కనబడింది. నేనే విప్పి మార్చుకోవచ్చా?

జవాబు: ముందు ఒక మాట, అసెంబ్లీకి అప్పుడే డబ్బులు కట్టకండి. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే పంపు ఇంకా బతికే ఉండి దాని నోటి దగ్గర పెట్రోల్‌ని వడకట్టే జాలీ మూసుకుపోయి ఉండే అవకాశమే ఎక్కువ. జాలీ కొన్ని వందల్లో దొరుకుతుంది, అసెంబ్లీ అంటే వేలల్లో మాట.

ఎందుకు అలా అనుకుంటున్నానో చెప్తా. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు గంటకి లీటరు పెట్రోల్ కూడా తాగదు, అదే నలుగురిని ఎక్కించుకుని సెకండ్ గేర్లో ఘాట్ ఎక్కుతుంటే అంతకి పదింతలు కావాలి. టీ జాలీలో ఆకు నిండిపోతే కొంచెం కొంచెంగా పోసినంతసేపు దిగుతుంది, గబుక్కున పోస్తే పైకి పొంగుతుంది చూడండి, ఇదీ అంతే. అందుకే ఊళ్ళో బాగుంటుంది, ఎత్తు ఎక్కేటప్పుడూ హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడూ బయటపడుతుంది. ఇంక ఆ పావుగంట సంగతి, అది చాలా ముఖ్యమైన క్లూ. పంపు తిరుగుతున్నంతసేపు ట్యాంకు అడుగున ఉన్న మడ్డినంతా లాక్కుని జాలీకి అతికించుకుంటుంది, ఇంజన్ ఆగితే ఆ లాగుడు ఆగిపోయి మడ్డి మెల్లగా రాలి కిందకి దిగుతుంది, దాంతో దారి మళ్ళీ తెరుచుకుంటుంది. కుయ్యిమనే సౌండ్ కూడా పెట్రోల్ సరిపోక పంపు చేసే సౌండే అయ్యుండొచ్చు.

కానీ ఇవే లక్షణాలతో మనల్ని తప్పుదారి పట్టించేవి ఇంకొన్ని ఉన్నాయి, వాటిని కూడా చూసుకోవాలి. ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సార్ వేడికి పోతే కూడా బండి ఆగి, చల్లబడ్డాక స్టార్ట్ అవుతుంది. తేడా ఏంటంటే అది స్విచ్ ఆపినట్టు ఒక్కసారిగా ఆగుతుంది, జర్కులూ నీరసం ఉండవు. ట్యాంకుకి గాలి లోపలికి పోయే దారి మూసుకుపోయినా పెట్రోల్ రాదు, దానికి తేలికైన పరీక్ష ఉంది, ఈసారి బండి నీరసించినప్పుడు పక్కన ఆపి పెట్రోల్ మూత తిప్పండి, గట్టిగా బుస్సుమని గాలి లోపలికి లాగి వెంటనే బండి బాగుపడితే లోపం ఆ గాలి దారిలోనే. ఇంక ఎగ్జాస్ట్‌లో పొగని శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోతే పవర్ ఉండదు గానీ పావుగంట ఆపినంత మాత్రాన మారదు.

వీటన్నిటికంటే ఖాయమైనది పెట్రోల్ ప్రెషర్ కొలిచే గేజ్. మీ మెకానిక్‌ని అడగాల్సిన ఒకే ఒక్క ప్రశ్న, ప్రెషర్ చూశారా అని. ఎంపీఎఫ్ఐ, అంటే ప్రతి సిలిండర్‌కీ ఇంజెక్టర్‌తో పెట్రోల్ చిమ్మే కార్లలో, ఇంజెక్టర్ల దగ్గర ప్రెషర్ దాదాపు 3 బార్ ఉంటుంది, మోడల్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ, మీ బండి అంకె వర్క్‌షాప్ మాన్యువల్‌లో చూసుకోవాలి. ఐడ్లింగ్‌లో సరిగ్గా ఉండి రేజ్ చేసినప్పుడు సూది కిందికి జారుతుంటే ఎక్కడో దారి అడ్డుపడినట్టు. ఇగ్నిషన్ ఆన్ చేసిన దగ్గర్నుంచీ ప్రెషర్ ఎక్కకపోతే అప్పుడు పంపుని అనుమానించొచ్చు, అది కూడా పంపుకి కరెంటు సరిగ్గా అందుతోందో లేదో మీటర్ పెట్టి చూశాకే. కనెక్టర్ పిన్నులు నల్లబడి వోల్టేజ్ తగ్గిపోయినా పంపు నీరసంగానే తిరుగుతుంది. గేజ్ పెట్టకుండా పంపు పోయిందని చెప్పేవాళ్ళ దగ్గర దయచేసి పంపు కొనకండి.

ఇప్పుడు మీరే మార్చుకోవచ్చా అన్నదానికి వస్తా. సీటు కింద మూత ఉంది కాబట్టి పని పెద్దగా కష్టం కాదు, చాలా బండ్లకి ఆ మూత ఉండదు, ట్యాంకు మొత్తం కిందకి దించాల్సిందే, అది లిఫ్ట్ ఉన్న వర్క్‌షాప్‌లో చేయించుకోవాలి. కానీ కష్టం కాదు అంటే ప్రమాదం లేదని కాదు. పెట్రోల్ సున్నా కంటే 40 డిగ్రీలు కింద ఉన్నా అంటుకునేంత ఆవిరి వదులుతుంది, మన కడప ఎండల సంగతి వేరే చెప్పాలా. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేలబారుగా పాకుతూ పోయి దూరంగా ఉన్న పొయ్యికో స్విచ్‌కో తగిలినా అంటుకుని వెనక్కి వస్తుంది. అందుకని మూసిన షెడ్డులో, ఇంటి కింద పార్కింగ్‌లో ఈ పని వద్దు. ఆరుబయట, నీడలో, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, కారు తలుపులన్నీ తీసి చేయండి. ఫోను లోపల పెట్టుకోకండి, వైరుతో వేలాడే బల్బు అస్సలు వద్దు, డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందే దూరంలో ఉండాలి, పక్కన ఇంకో మనిషి ఉండాలి. ఇవేవీ కుదరకపోతే మెకానిక్‌కే ఇవ్వండి, జాలీ మీరు కొనుక్కెళ్ళి దగ్గరుండి వేయించుకోండి.

ట్యాంకులో పెట్రోల్ పావు కంటే తక్కువ ఉన్నప్పుడు మొదలెట్టండి. సీటు తీశాక ఆ మూత చుట్టూ ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము ఉంటుంది, దాన్ని బ్రష్షుతో, తడిగుడ్డతో పూర్తిగా తుడవాలి, లేకపోతే తర్వాత పంపు తీయగానే ఆ మట్టి అంతా ట్యాంకులోకే రాలుతుంది. మూత తీసి పంపు కరెంటు కనెక్టర్ ఊడదీసి, అప్పుడు ఇంజన్ స్టార్ట్ చేయండి, పైపుల్లో ఉన్న పెట్రోల్ అయ్యేదాకా తిరిగి అదే ఆగిపోతుంది, ఇంకో రెండు సార్లు సెల్ఫ్ కొట్టండి. ఇది చేయకుండా పైపు పీకితే ప్రెషర్‌లో ఉన్న పెట్రోల్ మొహం మీదకి చిమ్ముతుంది, కళ్ళకి రక్షణగా అద్దాలు ఎలాగూ పెట్టుకోవాలి. తర్వాత బ్యాటరీ నెగెటివ్ విప్పేసి, ఒకసారి బండి బాడీ ఇనుముని చేత్తో తాకి పని మొదలెట్టండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు పోతుంది.

పైపు మీద గుడ్డ చుట్టి లాక్ నొక్కి మెల్లగా లాగండి, పాత బండ్లలో ఆ ప్లాస్టిక్ లాకులు ఎండకి పెళుసుబారి ఉంటాయి, బలం చూపిస్తే విరుగుతాయి. పంపుని పట్టి ఉంచడానికి బోల్టులు గానీ పెద్ద రింగు గానీ ఉంటాయి. రింగు అయితే ఇనుప ఉలి పెట్టి సుత్తితో కొట్టే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది, ఇనుము ఇనుముకి తగిలితే నిప్పురవ్వ లేస్తుంది, ట్యాంకు నోరు ముందే తెరుచుకుని ఉంది, చెక్కముక్కతోనో ఇత్తడి కడ్డీతోనో కొట్టి తిప్పండి. పంపు ఏ వైపు తిరిగి ఉందో విప్పకముందే మార్కర్‌తో గీత పెట్టుకోవాలి. బయటికి తీసేటప్పుడు పంపుని పక్కకి వాల్చి తీయాలి, పెట్రోల్ ముల్లుకి సంబంధించిన ఫ్లోట్ కడ్డీ వంగిందంటే ఫుల్ ట్యాంకులో కూడా మీటరు రిజర్వ్ చూపిస్తుంది.

బయటికి వచ్చాక జాలీని కాసేపు చూడండి, అసలు కథంతా దాని మీదే ఉంటుంది. ఎర్రగా గోధుమ రంగు పొడి ఉంటే తుప్పు. నల్లగా జిగురుగా ఉంటే ఏళ్ళ తరబడి నిలవ పెట్రోల్ నుంచి దిగిన బంక, లేదా అరుగుతున్న రబ్బరు పైపు. సన్నటి ఇసుకలా ఉంటే బయటి నుంచి వచ్చిన మట్టి. ట్యాంకు అడుగున నీటి బుడగల్లా విడిగా దొర్లుతున్నవి కనబడితే నీళ్ళు చేరినట్టు. జాలీని గాలి కొట్టి మళ్ళీ వేసేస్తారు కొంతమంది, నాకది అసలు నచ్చని పని. సన్నటి మడ్డి దారాల మధ్యనే ఉండిపోతుంది, గాలి వేగానికి జాలీ ఎక్కడో చిరిగిందంటే ఆ మురికి నేరుగా పంపులోకి పోతుంది. కొత్తది వేయండి, మీ పంపుకి సరిపోయేదే వేయండి, మూతి సైజు కొంచెం వదులుగా ఉన్నా పనికిరాదు. మీ బండిలో ప్రెషర్ వైపు ఉండే మెయిన్ ఫిల్టర్ కూడా పంపు అసెంబ్లీలోనే ఉంటే దాన్నీ మార్చేయండి, ఎటూ విప్పారు కదా. పాత రబ్బరు వాషర్ని మళ్ళీ వాడొద్దు, పెట్రోల్‌లో నాని ఉబ్బిపోతుంది, కూర్చోదు, తర్వాత కారంతా పెట్రోల్ వాసన.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు చెప్తున్నా. జాలీ మార్చి ట్యాంకుని అలాగే వదిలేస్తే కొన్నాళ్ళకి మళ్ళీ ఇదే ఉత్తరం మీరు రాయాల్సి వస్తుంది. అడుగున ఉన్న మడ్డి తీయాలి. మిగిలిన పెట్రోల్ ఇనుప జెర్రీకాన్‌లోకి తీసి, వాటర్ బాటిళ్ళలోకి కాదు, నూలుపోగులు ఊడని గుడ్డతో అడుగు తుడవాలి. తుప్పు బాగా ఉంటే ట్యాంకు దించి కడిగించాలి, చిల్లుపడే దశకి వస్తే మార్చాలి. ఒక్క విషయం మాత్రం మీ కాళ్ళు పట్టుకుని చెప్తున్నా అనుకోండి, పెట్రోల్ ట్యాంకుకి రోడ్డు పక్కన వెల్డింగ్ పెట్టించకండి. ఖాళీ చేశాం కదా, నీళ్ళతో కడిగాం కదా అంటారు. నిండు ట్యాంకుకంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, ఎందుకంటే అందులో ఆవిరీ గాలీ కలిసి ఉంటాయి, నిప్పు తగిలితే పేలడానికి అవి రెండూ చాలు. ఇలా మనుషులు పోయారు, పోతూనే ఉన్నారు.

బిగించాక బ్యాటరీ కలిపి, సెల్ఫ్ కొట్టకుండా ఇగ్నిషన్ రెండు సెకన్లు ఆన్ చేసి ఆఫ్ చేయండి, అలా నాలుగైదు సార్లు, పైపుల్లోకి పెట్రోల్ ఎక్కుతుంది. ఇంజన్ స్టార్ట్ అయ్యాక మూత వెంటనే బిగించకుండా చుట్టూ తడి, వాసన ఉందేమో చూసి అప్పుడు సీటు వేయండి. ప్రెషర్ గేజ్ మళ్ళీ ఒకసారి పెట్టించండి, ఇప్పుడు కూడా రేజ్ చేస్తే ప్రెషర్ జారుతుంటే అప్పుడు పంపు మార్చడం న్యాయం. చాలాకాలం ఎండిపోతూ తిరిగిన పంపు లోపల అరిగి ఉండొచ్చు, ట్యాంకులో పెట్రోలే దాన్ని చల్లబరిచేది. అందుకే ఎప్పుడూ రిజర్వ్‌లో నడిపే అలవాటు ఉంటే మానుకోండి, పావు ట్యాంకు ఉంచండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి రాస్తున్నా సార్. మా 2010 కారుకి ఈ మధ్య ఫిల్టర్ రెండోసారి జామ్ అయింది. మా కాలనీలో అందరూ ఇథనాల్ పెట్రోల్ వల్లే అంటున్నరు, నిజమేనా? పాత బండి అమ్మేయాల్నా?

జవాబు: అమ్మేయక్కర్లేదు. కాలనీవాళ్ళ మాటలో కొంత నిజం ఉంది, మొత్తం నిజం మాత్రం కాదు.

మన దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ సగటున 10 శాతానికి 2022లో చేరింది, 20 శాతం కలిపిన ఈ20ని 2023 ఫిబ్రవరిలో మొదలుపెట్టి 2025కల్లా దేశమంతా దాదాపు అదే పోస్తున్నారు. మీ బండి తయారైనప్పుడు ఇంత ఇథనాల్ లెక్కలో లేదు. ఇథనాల్‌కి రెండు గుణాలున్నాయి, ఒకటి, పాత ట్యాంకు గోడలకి, పైపులకి అంటుకున్న బంకని కరిగించి ఊడదీస్తుంది, ఆ ఊడిందంతా వచ్చి చేరేది ఫిల్టర్‌లోనే. రెండోది, గాలిలో తేమని పీల్చుకుంటుంది, నీరు ఒక హద్దు దాటితే ఇథనాలూ నీళ్ళూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకి దిగుతాయి, ఇనుప ట్యాంకు అయితే అక్కడ తుప్పు మొదలవుతుంది. పంపు నోరు ఉండేది కూడా ఆ అడుగునే.

అయితే మొదటిసారి జామ్ అయినప్పుడు ట్యాంకు కడిగారా, ఫిల్టర్ ఒక్కటే మార్చారా అన్నది మీరు రాయలేదు. కడగకపోతే రెండోసారి జామ్ కావడానికి ఇథనాల్‌నే తప్పుపట్టలేం, పాత మడ్డి అక్కడే ఉంది. కడిగాక కూడా తుప్పు పొడి వస్తుంటే ట్యాంకు లోపల పాడైంది. నల్ల పొడి వస్తుంటే రబ్బరు పైపులు చూడండి, అవి ఉబ్బి మెత్తబడ్డా, పగుళ్ళు కనబడ్డా ఇథనాల్‌కి తట్టుకునే పైపులు వేయించండి, ఫ్యూయల్ ఇంజెక్షన్ కోసం తయారైన పైపు అని అడిగి తీసుకోండి, రేడియేటర్ పైపు ముక్క కోసి పెడితే ఒప్పుకోకండి. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే, ముఖ్యంగా వానాకాలం, సగం ట్యాంకుతో వదలొద్దు, పైన ఖాళీ ఉన్నకొద్దీ తేమగాలి చేరుతుంది. కనీసం వారానికోసారి ఓ అరగంట నడపండి. మైలేజ్ కొంచెం తగ్గడం మాత్రం ఫిల్టర్ వల్ల కాకపోవచ్చు, ఇథనాల్‌లో శక్తి పెట్రోల్‌కంటే మూడోవంతు తక్కువ.

బాటిల్లో అమ్మే క్లీనర్లు పోస్తే ట్యాంకు దానంతట అదే శుభ్రమవుతుందని చెప్తే నమ్మకండి. ఊడిన మురికి ట్యాంకులోంచి ఆవిరైపోదు కదా, జాలీకే వచ్చి చేరుతుంది.

ప్రశ్న: మాది రాజమండ్రి అండి. 1995 మారుతి 800, తాతగారి బండి, కార్బొరేటర్‌ది. దీనికి కూడా ట్యాంకులో పంపు ఉంటుందాండి? పొద్దున్నే స్టార్ట్ అవ్వడానికి చాలాసేపు పడుతోంది.

జవాబు: మీ బండి పేరు వింటేనే సంతోషంగా ఉంది. 1983 డిసెంబర్‌లో మొదలై 2014 జనవరి దాకా తయారైన బండి అది, మన ఊళ్ళల్లో ఎన్ని కుటుంబాలకి మొదటి కారో. జాగ్రత్తగా చూసుకోండి.

కార్బొరేటర్ మోడల్‌కి, అంటే ఇంజెక్టర్లు లేకుండా గాలి లాగుడుతోనే పెట్రోల్ కలిసే పాత రకానికి, ట్యాంకులో కరెంటు పంపు ఉండదు. ఇంజన్ పక్కనే డయాఫ్రమ్ (సాగే పలచటి పొర) పంపు, ఇంజన్ తిరిగితేనే అది కొడుతుంది, ప్రెషర్ కూడా చాలా తక్కువ. ఫిల్టర్ చిన్న డబ్బాలా పైపు మధ్యలో ఉంటుంది, మార్చడం పది నిమిషాల పని. ఇంజన్ పూర్తిగా చల్లారాక చేయండి, డబ్బా మీద బాణం గుర్తు పెట్రోల్ పోయే దిక్కుకి ఉండాలి, క్లిప్పులు కొత్తవి వేయండి, పైపు కొస గట్టిబడి ఉంటే ఆ కొస కోసేయడం కంటే పైపే మార్చండి. ఫిల్టర్ ఇంజన్ నుంచి వేడి పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి దగ్గరగా వేలాడకుండా చూసుకోండి.

పొద్దున్నే ఆలస్యం అవుతోందంటే రాత్రంతా పెట్రోల్ వెనక్కి జారిపోతోందేమో. పైపులో ఎక్కడో గాలి లాగుతున్నా, పంపులో వాల్వు సరిగ్గా మూయకపోయినా అలా అవుతుంది. ఇంజన్ ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, పెట్రోల్ వాసన గట్టిగా వస్తుంటే పంపు డయాఫ్రమ్ చిరిగి పెట్రోల్ ఆయిల్లోకి దిగుతోంది, అప్పుడు బండి నడపకుండా పంపు మార్చి ఆయిల్ కూడా మార్చాలి.

ఇంకోటి, ఇది మీకు కాదు, 2000 తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ 800 ఉన్నవాళ్ళకి. ఈ చవక ప్లాస్టిక్ ఫిల్టర్‌ని మీ లైన్లో పెట్టొద్దు. కార్బొరేటర్ ప్రెషర్‌కి చేసిన డబ్బా 3 బార్‌కి పగులుతుంది, అదీ వేడి ఇంజన్ పక్కన.

ప్రశ్న: మేము ఖమ్మం దగ్గర పల్లెలో ఉంటాం. డీజిల్ కారు, డాష్‌బోర్డులో ఫిల్టర్ లైటు వెలుగుతోంది, బండి మాత్రం బాగానే నడుస్తోంది. అట్లనే నడపొచ్చా?

జవాబు: నడపకండి అమ్మా. డీజిల్ బండిలో ఆ లైటు ఎక్కువగా చెప్పేది ఫిల్టర్ అడుగున నీళ్ళు చేరాయని. కామన్ రైల్ ఇంజన్లలో, అంటే ఒకే పైపు నుంచి అన్ని ఇంజెక్టర్లకీ డీజిల్ అందే రకంలో, ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది, అక్కడికి నీటి చుక్క పోయిందంటే పంపూ ఇంజెక్టర్లూ రెండూ పాడవుతాయి, ఆ ఖర్చు పెట్రోల్ బండి పంపుకంటే చాలా ఎక్కువ. ఫిల్టర్ కింద డ్రెయిన్ స్క్రూ ఉంటే వదులు చేసి గాజు సీసాలోకి పట్టి చూడండి, నీళ్ళు అడుగున విడిగా కనబడతాయి, పూర్తి డీజిల్ వచ్చేదాకా వదిలి బిగించండి.

లైటు వారంలోపే మళ్ళీ వస్తే ఫిల్టర్ మార్పించి ట్యాంకు కూడా చూపించండి. డ్రమ్ముల్లో నిలవ ఉంచిన డీజిల్ పోస్తుంటే ముందు ఆ డ్రమ్ము అడుగు చూడాలి, చాలాసార్లు నీళ్ళు వచ్చేది అక్కడి నుంచే. కొత్త ఫిల్టర్ వేసేటప్పుడు దాన్ని క్యాన్లోని డీజిల్‌తో నింపి బిగించే అలవాటు వద్దు, వడకట్టని డీజిల్ నేరుగా ఇంజెక్టర్ల వైపు పోతుంది. చేత్తో నొక్కే రబ్బరు పంపు ఉంటే అది గట్టిపడేదాకా నొక్కి గాలి తీయాలి, లేకపోతే ఇగ్నిషన్ ఆన్ ఆఫ్ చేస్తూ ట్యాంకు పంపుతోనే ఎక్కించాలి. సెల్ఫ్ మాత్రం ఆపకుండా కొట్టకండి, పది సెకన్లు కొట్టి కాసేపు ఆగి మళ్ళీ కొట్టండి.